పద్దెనిమిది రంధ్రాలకు ఒక బేరం

ఏడు వందల రూపాయల పనికి నేను నాలుగు వేల మూడు వందల యాభై పెట్టి మిషన్ కొన్నాను. నవ్వేవాళ్లు నవ్వండి. కానీ ఆ మిషన్‌కు దుకాణంవాడు మొదట చెప్పిన ధర ఐదు వేల రెండు వందలు. నేను పదకొండు రోజులు తిరిగి ఎనిమిది వందల యాభై దింపాను, దాని మీద ఇరవై నాలుగు బిట్ల డబ్బా కొసరుగా లాక్కున్నాను. చంద్రపూర్ గోల్ బజార్‌లో ఆ మిషన్‌ను అంత తక్కువకు కొన్న మొదటి మనిషిని నేనేనని దుకాణదారే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మెచ్చుకుని పెట్టాడో, పోతే చాలునని పెట్టాడో నేను అడగలేదు. దండం దండమే.

అది తీగ అక్కర్లేని డ్రిల్ మిషన్. బ్యాటరీతో నడుస్తుంది, గోడకు రంధ్రం వేస్తుంది. నాకు కావలసినవి పద్దెనిమిది రంధ్రాలు. అంతకు ముందు అరవై ఏళ్లలో నేను గోడకు కొట్టినవన్నీ కలిపితే నాలుగైదు మేకులుంటాయి, వాటిలో రెండు వంకరపోయినవి.

మాది రాజురా. నాయనకు అక్కడ కిరాణా దుకాణం ఉండేది. జివతి గుట్టల మీది నుంచి, కోర్పనా దిక్కు ఊళ్ల నుంచి తెలుగు రైతులు వచ్చేవాళ్లు, ఉప్పు, నూనె, బెల్లం, బీడీలు కొనుక్కుపోయేవాళ్లు. నాయన తక్కెడ చూసే ముందు మనిషి మొఖం చూసేవాడు. చీకటి పడేలోపు ఊరు చేరాల్సినవాడు ఎవడో, ఇంటి ముందర చుట్టాలను కూర్చోబెట్టి వచ్చినవాడు ఎవడో చూపుతోనే పట్టేవాడు. ఆ ఇద్దరితో ఆయన బేరం ఆడేవాడు కాదు, ధర చెప్పి ఊరుకునేవాడు. వాళ్లు ఇచ్చేవాళ్లు.

"అమ్మేటప్పుడు ఎదుటోని అవసరం చూడాలె. కొనేటప్పుడు మన అవసరం కనపడనియ్యొద్దు. గంతే యాపారం," అనేవాడు.

దీనికి ఇంట్లో మాకు ఒక ఆట కూడా పెట్టాడు. మధ్యాహ్నం దుకాణంలో గిరాకీ లేనప్పుడు నన్నూ అక్కనూ ఎదురుగా కూర్చోబెట్టి మధ్యలో ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. ఏదో కబుర్లు చెప్పేవాడు. ఎవరి కన్ను ముందు బెల్లం మీదికి పోతే వాళ్లు ఓడినట్టు. నేను ఐదు నిమిషాలు కూడా ఆగలేకపోయేవాణ్ణి. అక్క ఎంతసేపైనా నాయన మొఖమే చూస్తూ ఊ కొట్టేది. గెలిచాక ఆ ముక్కను కొరికి సగం నాకిచ్చేది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది.

పెళ్లయిన రెండేళ్లకు బావ పోయాడు, అక్క దుకాణానికి తిరిగొచ్చింది. నేను పదో తరగతిలో ఉండగా నాయన పోయాడు. పదకొండో రోజు దాటగానే అక్క గల్లా దగ్గర కూర్చుంది. ఆడది కూర్చుంటే ఉద్దెర ఎగ్గొట్టవచ్చని వచ్చిన పెద్దమనుషులు ఆరు నెలల్లో తెలివి తెచ్చుకున్నారు. నేను చదివిన చదువంతా ఆ గల్లాలోంచి వచ్చింది. చదివి నేను సాధించింది, చంద్రపూర్ థర్మల్ కరెంటు కేంద్రంలో స్టోర్‌కీపర్ ఉద్యోగం. అది కూడా దుకాణమే, కాకపోతే బేరం లేని దుకాణం. చీటీ తెస్తే సరుకిస్తాం. ముప్పై ఏళ్లు అట్లా నోరు కట్టేసుకుని కూర్చున్నందుకేమో, రిటైరైనాక కొత్తిమీర కట్ట కాడ కూడా నేను ఆగలేను.

గత చలికాలం అక్కకు పక్షవాతం తగిలింది. కుడి కాలు, కుడి చెయ్యి మెత్తబడ్డాయి. మాట పోలేదు, లెక్క పోలేదు. రాజురాలో దుకాణం ఎప్పుడో మూసేసింది కాబట్టి చంద్రపూర్ తుకుం పేటలోని మా ఇంటికి తెచ్చుకున్నాం. ముందు గది ఇచ్చాం. అక్కడి నుంచి బాత్రూమ్‌కు నడవా గుండా పద్నాలుగు అడుగులు. ఆ పద్నాలుగు అడుగులే కష్టం. అక్క మంచి ఒళ్లున్న మనిషి. నా భార్యకు నడుం నొప్పి, డాక్టర్ బెల్టు కట్టుకోమన్నాడు. అక్క లేవాలంటే నా భార్య చంకలో చెయ్యి వేసి లేపి, అడుగడుగూ నడిపించి తీసుకుపోవాలి. నేను పట్టుకుంటానంటే అక్క ఒప్పుకునేది కాదు.

"తమ్మునితోని బాత్రూంలకు పోతనా నేను? సిగ్గు లేదా," అని కసిరేది. నా భార్యను మాత్రం ప్రతిసారీ బతిమాలుకునేది. "మరదలా, నడుం పైలం. జర నిలబడు, నేనే లేస్త." లేవలేకపోయేది.

"గట్ల అనకు వదినె, నాకేం కాదు," అని నా భార్య లేపేది. లేపాక అటు తిరిగి నడుం పట్టుకునేది. అక్క అది చూసేది.

మే నెల మొదట్లో వ్యాయామం చేయించే అమ్మాయి ఇంటికొచ్చి చూసి, గోడలకు స్టీలు కడ్డీలు పెట్టించమంది. కమోడ్ పక్కన ఒకటి, బాత్రూమ్ తలుపు దగ్గర ఒకటి, నడవా పొడుగునా ఒకటి. ఎడమ చెయ్యి బలంగానే ఉంది కాబట్టి అవి పట్టుకుని తనే వెళ్లగలదంది.

"ఎవ్వరిని పిలువకుండనా?" అని అడిగింది అక్క.

"ఎవ్వరినీ పిలవక్కర్లేదు ఆజీ," అంది, మరాఠీలో అవ్వా అన్నట్టు.

"తలుపు వేసుకోవచ్చా?"

"వేసుకోవచ్చు."

ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా అక్క ఆ రెండు మాటలే తిప్పి తిప్పి చెప్పుకుంది. నేను అదే సాయంత్రం మూడు కడ్డీలు తెచ్చాను. అవి ఒకే ధర దుకాణంలోవి. బేరానికి చోటు లేక రెండు వేలు కట్టి వచ్చాను. మర్నాడు పొద్దున కుళాయి బాగుచేయడానికి ప్లంబర్ వస్తే కడ్డీలు చూపించాను. అతను టేపు పెట్టి కొలిచి, వేళ్ల మీద లెక్కపెట్టి, పద్దెనిమిది రంధ్రాలు పడతాయన్నాడు.

"ఏడు వందలు ఇయ్యండి కాకా. సాయంత్రం వచ్చి బిగించి పోత. రేపటి నుంచి పట్టుకోవచ్చు."

నేను ఆలోచించి చెబుతానన్నాను. అతను గేటు దాటాడో లేదో లోపలి నుంచి అక్క అరిచింది.

"ఏడు వందలా! రంధ్రాలకా? సరుకు లేదు ఏం లేదు, ఖాళీ జాగకు ఏడు వందలా?"

ఆ ముక్క విని నేను పకపకా నవ్వాను. ఖాళీకి డబ్బు కట్టడం మా వంశంలో లేదు. "మిషనే కొంటే పోలే అక్కా? పని అయినంక కూడ మిషన్ ఇంట్ల ఉంటది," అన్నాను.

"కొను. కాని చూసి కొను. చెప్పిన ధరకు కొన్నవంటె ఇంట్లకు రానియ్య."

అట్లా మొదలైంది. ఇక్కడ నేను అక్క మాటను అడ్డం పెట్టుకుని తప్పుకోవడం లేదు. ఆమె పక్కమీద ఉన్న మనిషి, నేను కాళ్లున్న మనిషిని.

గోల్ బజార్‌లో ఆ హార్డ్‌వేర్ దుకాణం పాతది. దుకాణదారు నాకంటే పదేళ్లు చిన్న. రాజురా, ఆసిఫాబాద్ గిరాకీతో పెరిగినవాడు కాబట్టి తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ఒకే వాక్యంలో పట్టిస్తాడు. నేను పది కాకముందే వెళ్లి నిలబడ్డాను. అది ఊరికే కాదు. పొద్దున మొదటి గిరాకీ బోణీ. బోణీ మనిషిని ఖాళీ చేతులతో పంపితే రోజంతా దుకాణం సాగదని ప్రతి దుకాణదారుకూ లోపల భయం. మా నాయనకూ ఉండేది. ఆ భయం విలువ ఎంతో నాకు తెలుసు.

"దేనికి కాకా డ్రిల్ మిషన్?" అన్నాడు, అగరుబత్తి గుచ్చుతూ.

"ఏం లేదు, ఫోటోలు తగిలించాలె. తొందరేం లేదు."

అది అబద్ధం. కానీ బేరంలో అది అబద్ధం కింద రాదు.

అతను రెండు రకాలు తీశాడు. ఒకటి చిన్నది, పన్నెండు వోల్టులది, తేలిక. చెక్కకూ స్క్రూలకూ చాలు, గోడను కొట్టదు. ఇంకోటి ఇరవై ఒక్క వోల్టులది. దానికి మెడ దగ్గర తిప్పే ఉంగరం మీద సుత్తి బొమ్మ ఉంటుంది, అటు తిప్పితే తిరుగుతూనే లోపలి నుంచి గుద్దుతుంది. ఇంటి గోడకు ఆ సుత్తి ఉన్నదే కావాలి. రెండు బ్యాటరీలు ఉండాలి, ఒకటి పనిలో ఉంటే ఒకటి చార్జింగ్‌లో. ఇదంతా నాకు స్టోర్‌లో పనిచేసిన రోజుల నుంచి తెలుసు. తెలిసినట్టు కనపడకుండా చిన్నదాన్నే అటూ ఇటూ తిప్పి చూసి, పోతూ పోతూ పెద్దదాని ధర అడిగాను.

"ఐదు వేల రెండు వందలు."

"మూడున్నర వేలు."

"కాకా, బోణీ టైం. నవ్వియ్యకుండ్రి."

వచ్చేశాను. వెనక నుంచి "నాలుగు వేల తొమ్మిది వందలు!" అని కేక వినపడింది. తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి స్కూటర్ స్టాండు వెయ్యకముందే లోపలి నుంచి అక్క, "ఎంతకొచ్చిండు?"

చెప్పాను. అతను ఎట్లా అన్నాడో, నేను ఎట్లా చూశానో, అగరుబత్తి పొగ ఎటు పోయిందో కూడా చెప్పాను. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని, ఎడమ చేత్తో కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నది. రాజురా దుకాణం మూసేశాక ఆమె మొఖంలో అంత వెలుగు నేను చూడలేదు. "రేపు పోకు. ఎల్లుండి పో. ఎదురుచూడనీ," అంది. నేను రేపే పోయాను, కానీ ఎదురు వరుసలో చాయ్ తాగుతూ అతనికి కనపడి వచ్చేశాను. అది విని అక్క మంచం మీద చెయ్యి చరిచింది.

నాలుగో రోజు నుంచి అతను కూడా తెలివి చూపించాడు. పక్కనే చాయ్ అమ్మేవాణ్ణి పిలిచి, నేను రాకముందే రెండు రూపాయలకు ఒక స్క్రూ అమ్మి బోణీ చేసుకునేవాడు. నేను మెట్లెక్కగానే చెయ్యి చూపించి, "బోణీ అయిపోయింది కాకా! ఇగ మీతోని భయం లేదు," అనేవాడు. నేను మర్నాడు పావుగంట ముందు వెళ్లాను, షట్టర్ నేనే పట్టి లేపాను.

"కాకా, మీరు కొనేటోళ్లు కాదు, తినేటోళ్లు!"

"నీ దగ్గర ఏమున్నది తినడానికి? తుప్పు తప్ప."

ధర నాలుగు వేల ఎనిమిది వందలకు దిగింది. తర్వాత నాలుగు వేల ఆరు వందల యాభైకి. మధ్యలో రెండు రోజులు అతని దుకాణం మూసి ఉంది, భద్రావతిలో ఎవరిదో పెళ్లి. ఇంకో దుకాణంలో అదే మిషన్ నాలుగు వేల ఆరు వందలకు దొరికేది. కొనలేదు. అక్కడ కొంటే ఇక్కడ ఓడిపోయినట్టు. అక్క కూడా, "వానితోనే తెగాలె," అంది.

ఆ రోజుల్లో ఎండ మీకు తెలిసిందే. మా ఊళ్లో మే నెలలో పిట్టలు కూడా పొద్దున తొమ్మిదికే గూళ్లలోకి దూరతాయి. కూలర్ వేసినా గది వేడిగా ఊపిరి వదిలేది. ఆ మూడు కడ్డీలు ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా నడవాలో గోడకు ఆనించి ఉన్నాయి. అక్క నా భార్య భుజం పట్టుకుని వాటి పక్క నుంచే పోయేది, పక్క నుంచే వచ్చేది. పోయేటప్పుడు ఒక్కోసారి ఎడమ చెయ్యి చాపి వాటిని తాకేది. మొదట్లో రోజుకు ఏడెనిమిది సార్లు లేచేది. తర్వాత నాలుగు. తర్వాత రెండు. నా భార్య నాతో, "వదినెకు కాళ్లు కుదురుకుంటున్నయి కావచ్చు, ఊకె పిలుస్తలేదు," అంది. నేను మంచిదే అన్నాను.

అక్క మంచం పక్కన కిటికీలో ఒక పుదీనా కుండీ ఉండేది. వీధి మొత్తం మీద ఆ నెలలో పచ్చగా ఉన్నది అదొక్కటే. పక్కింటివాళ్లు వచ్చి చూసి, మీ చెయ్యి మంచిదని నా భార్యను మెచ్చుకున్నారు. తను నీళ్లు పోసినట్టు గుర్తే లేదని ఆమె నవ్వింది.

పదకొండో రోజు పొద్దున అతను అలిసిపోయాడు. నాలుగు వేల మూడు వందల యాభైకి దిగి, బల్ల మీద చెయ్యి పెట్టి, "ఇంక మాట లేదు," అన్నాడు. నేను లేచి నిలబడి, "బిట్లు కొసరియ్యి," అన్నాను. బిట్లంటే మిషన్ మూతికి బిగించే ములుకులు. అవి లేకుంటే మిషన్ ఉత్త ఫ్యాను. అతను వెనక అర నుంచి దుమ్ము దులిపి ఇరవై నాలుగు బిట్ల డబ్బా నా ముందు పెట్టాడు. మెరుస్తున్నాయి. తీసుకున్నాను.

నేను దుకాణదారు కొడుకును. కొసరులో ఏమిస్తారో నాకు తెలియాలి. మా నాయన పురుగు ముట్టిన శనగలు, కరిగి అంటుకున్న చాక్లెట్లు కొసరులో ఇచ్చేవాడు. ఆ ఇరవై నాలుగూ చెక్కకూ ఇనుప రేకుకూ పనికొచ్చేవి. గోడకు వేసే బిట్ వేరు, దాని కొనకు మేకు తల లాగా ఒక గట్టి ముక్క అతికి ఉంటుంది. టైల్‌కు వేసేది ఇంకా వేరు, బల్లెం ఆకారంలో ఉంటుంది. ఆ రెండు రకాల్లో ఒక్కటీ డబ్బాలో లేదు. ముప్పై ఏళ్లు స్టోర్‌లో అవే బిట్లను చీటీ మీద చూసి తీసిచ్చినవాణ్ణి. ఊరికే వచ్చాయని కళ్లు మూసుకుపోయాయి.

మధ్యాహ్నం బ్యాటరీ ఎక్కించి నడవాలో మొదలుపెట్టాను. అక్క చూస్తానంటే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మొదటి బిట్ బాత్రూమ్ టైల్ మీద జారి గీత గీసింది. రెండోది నడవా గోడలో అంగుళం కూడా పోకముందే కొన నల్లబడి, పొగ వచ్చి, వాసన కొట్టింది. థర్మల్ బూడిద ఇటుకల గోడ అది, గట్టిది. నాలుగు బిట్లు కాల్చాను.

"ఏమైంది?" అంది అక్క.

"బిట్లు సరిగ లేవు. రేపు మంచియి తెస్త."

"కొసరా అవి?" అని అడిగి, నా మొఖం చూసి తల తిప్పుకుంది. మోసపోయినవని ఎప్పటిలా కసరకపోయేసరికి నాకు అదోలా అనిపించింది. ఎండకు నీరసపడిందనుకున్నాను.

మర్నాడు పొద్దున అక్క మంచం మీద ఒణుకుతూ కనపడింది. ఒళ్లు కాలిపోతోంది. నన్ను చూసి, "ఎవరికి ఏం గావాలె? తూకం ఏస్త ఆగు," అంది. రాజురాలో ఉన్నాననుకుంటోంది.

ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాం. పరీక్షలన్నీ చేశాక డాక్టరు కాగితాలు చూస్తూ అడిగిన మొదటి మాట, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుంది? నేను నా భార్య వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. పొద్దున చెంబు నిండా పెడతాం, సాయంత్రానికి ఖాళీ అవుతుంది అని చెప్పింది నా భార్య. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పుదీన," అంది.

మూత్రంలో పుట్టిన చీము రక్తంలోకి పోయిందన్నారు. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఆ వేడిలో ఆ వయసు మనిషి రెండు గ్లాసులతో రోజు గడిపితే ఇంకేమవుతుందన్నారు.

నాలుగో రోజుకు తెలివొచ్చింది. నా భార్య కిందికి చాయ్‌కు పోయినప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగాను.

"నీళ్లు ఎందుకు తాగలేదక్కా?"

"తాగితే లేవాలె. లేస్తె దాని నడుం విరుగుతది. నువ్వు రేపు తెస్త, ఎల్లుండి తెస్త అంటివి. రెండు రోజులే గదా, ఓర్చుకుందాం అనుకున్న."

"నాకు చెప్పొద్దా? ఒక్క మాట చెప్తే అప్పుడే కొందును గదా. ప్లంబర్‌నే పిలుద్దును గదా."

"చెప్తె నువ్వు ఆగుతవా? ఉరుకుతవు. నీ మొఖం చూసి వాడు పసిగడ్తడు. బేరం చెడ్తది." కొంచెం ఊపిరి తీసుకుని, చిన్నగా నవ్వింది. "నీకు మొఖం దాచుడు ఎప్పుడు వచ్చింది గనుక?"

నేను పదకొండు రోజులు ఒక హార్డ్‌వేర్ దుకాణంవాడి మొఖం చదివాను. అతని కనుబొమ కదిలితే యాభై, గొంతు తగ్గితే వంద అని లెక్కకట్టాను. రోజూ ఇంటికొచ్చి అక్క మొఖానికి ఎదురుగా కూర్చుని అదంతా చెప్పాను. ఆమె పెదవులు పగిలి ఉండటం నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నేను దాన్ని చూసే ఉంటాను.

ఆ సాయంత్రం గోల్ బజార్ వెళ్లి గోడ బిట్లు రెండు, టైల్ బిట్ ఒకటి ఇమ్మన్నాను. ధర అడగలేదు. దుకాణదారు బిట్లు తీయకుండా నా వైపే చూశాడు.

"ఏమైంది కాకా? తబియత్ మంచిగ లేదా?"

చెప్పాను. అక్క సంగతి, కడ్డీల సంగతి, నీళ్ల సంగతి. అతను స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఫోటోలకంటిరి కద కాకా."

"అన్న."

"కడ్డీలకని ఒక్క మాట చెప్తే మిషన్ ఊకెనే ఇద్దును. వాడుకొని తెచ్చిద్దురు. కిరాయి మిషన్ కూడ ఉన్నది నా దగ్గర, రోజుకు రెండు వందలు. మా అమ్మకు నేనే బిగించిన, పోయినేడు." బిట్లను కాగితంలో చుట్టి, "పైసలు వద్దు," అన్నాడు. నేను రెండు వందల పది లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వచ్చాను. నా జీవితంలో ఒక దుకాణదారు వద్దన్న డబ్బు బలవంతంగా ఇచ్చింది అదొక్కసారే.

సరైన బిట్ ఉంటే పని ఎంతసేపు? టైల్ మీద ముందు సుత్తి లేకుండా మెల్లగా బల్లెం బిట్, పెంకు దాటాక గోడ బిట్, అప్పుడు సుత్తి. రంధ్రంలో దుమ్ము ఊది, గిట్టీ కొట్టాలి. స్క్రూ పట్టడానికి గోడలో దిగేసే ప్లాస్టిక్ గొట్టాన్ని ఇక్కడ గిట్టీ అంటారు. పద్దెనిమిది రంధ్రాలూ కలిపి గంటా నలభై నిమిషాలు పట్టింది. అక్క లేని ఇంట్లో ఆ చప్పుడు నాకు చాలా పెద్దగా వినపడింది. నా భార్య వెనకాలే తడిబట్టతో దుమ్ము తుడుచుకుంటూ వచ్చింది.

తొమ్మిది రోజులకు ఇంటికి పంపారు. బిల్లు కట్టే కిటికీ దగ్గర నా నోరు దానంతటదే, "జర తగ్గదా?" అంది. లోపలి అమ్మాయి ఎవరికో ఫోన్ చేసి నాలుగు వందలు తగ్గించింది. నాకు అక్కడే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. డబ్బు మాత్రం జేబులో వేసుకున్నాను.

అక్క మూత్రం సంచితో వచ్చింది. పైపు వేసి, సంచి మంచానికి తగిలించారు. ఇక లేవాల్సిన పని లేదు. నీళ్లు ఎన్నైనా తాగవచ్చు, నా భార్య గంట గంటకూ తాగించేది. అక్క బుద్ధిగా తాగేది. కడ్డీల మాట ఎవరమూ ఎత్తలేదు. ఐదారు రోజుల తర్వాత ఒక పొద్దున తనే అంది.

"బిగించినవంట గదా. చూపియ్యి."

నేను ఒక పక్క, నా భార్య ఇంకో పక్క పట్టి నడవా మొదట్లో నిలబెట్టాం. సంచి నా చేతిలో ఉంది. ఈసారి నేను పట్టుకుంటే సిగ్గని అనలేదు. అక్క ఎడమ చెయ్యి కడ్డీ మీద వేసి, ఒకసారి గట్టిగా గుంజి చూసింది, గిరాకీ వచ్చి తాళ్లు గుంజి చూసినట్టు.

"గట్టిగనే ఉన్నది. వదులుండ్రి."

వదిలాం. ఒక అడుగు వేసింది. కుడి కాలు ఈడ్చుకుంది. ఇంకోటి వేసింది. మూడో అడుగుకు మోచెయ్యి ఒణికింది. నాలుగు వేసి ఆగింది. బాత్రూమ్ తలుపు ఇంకా పది అడుగుల దూరంలో ఉంది. దాన్ని చూస్తూ నిలబడింది.

"మిషన్ ఎంతకొచ్చింది ఆఖరుకు?"

"నాలుగు వేల మూడు వందల యాభై."

లెక్క వేసుకుంది. పెదవులు కదిలాయి.

"ఇంకో వంద దిగుతుండె," అంది. తర్వాత, "కుర్చీ తే తమ్మీ, కాళ్లు వస్తలేవు," అంది.

మళ్లీ లేవలేదు. జులైలో, బాగా వానలు పడుతున్న వారంలో, పగటిపూట, నా భార్య చెంచాతో నీళ్లు పోస్తుంటే పోయింది. నోట్లో పోసిన నీళ్లు పక్కకు జారాయి.

దినాలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం కాగితం తీసుకుని కూర్చున్నాను. మా ఇళ్లల్లో ఏది ముగిసినా బిల్లు రాస్తాం. నేను నాకు అనుకూలంగా రాయలేదు, అక్క వాటా అని ఏదీ విడగొట్టలేదు.

మిషన్, నాలుగు వేల మూడు వందల యాభై. కొసరు బిట్లు, సున్న. పనికొచ్చిన బిట్లు, రెండు వందల పది. కడ్డీలు మూడు, రెండు వేలు. గిట్టీలు, స్క్రూలు, అరవై. గోల్ బజార్‌కు పోయిరావడానికి పెట్రోలు, రెండు వందల ఇరవై. దవాఖాన, తగ్గించిన నాలుగు వందలు పోను, అరవై ఒక్క వేల నాలుగు వందలు. మొత్తం అరవై ఎనిమిది వేల రెండు వందల నలభై.

అదే ప్లంబర్ చేత చేయించి ఉంటే కడ్డీలతో, గిట్టీలతో కలిపి రెండు వేల ఏడు వందల అరవై, ఆ సాయంత్రమే.

దీనికి అందిన సరుకు, పోయేటప్పుడు నాలుగు అడుగులు. వచ్చేటప్పుడు కుర్చీలో తెచ్చాం, అవి కలపలేదు.